ఎనిమిదో మడత మీద గీత

హిందూపురం గ్రైనేజీలో పద్దెనిమిదేండ్లుగా
నా పని ఇదే:
గూడు కొసన బ్లేడుతో కోసేది,
లోపలి పురుగును అరచేతిలోకి దొర్లించుకునేది,
కడుపు తిప్పి చూసేది.
ఎనిమిదో మడత మీద
ఇంటూ గుర్తు మాదిరి సన్న గీతుంటే ఆడది.
తొమ్మిదో మడత మీద సూదిమొనంత చుక్కుంటే మొగది.
ఎడమ ట్రే, కుడి ట్రే.
గంటకు ఎనిమిదొందలు.

కొత్తగా చేరిన హనుమక్క అడుగుతాది,
"అత్తా, అంత బిరీన ఎట్ల తెలుస్తాది?"
ఎక్కువ చూడగూడదు పాపా.
ఎక్కువ చూస్తే అన్నీ ఒకటే మాదిరి కనపడతాయి.

తెల్లారుజామున రెక్కలొస్తాయి.
మైసూరు జాతి ఆడదాన్ని
సి.ఎస్.ఆర్. మొగదానితో మూడు గంటలు కలిపేది,
ఆనక విడదీసేది.
గుడ్లు పెట్టినాక తల్లిని రోట్లో నూరి
మైక్రోస్కోపు కింద రోగం వెతుకుతారు.
ఆ పని మాత్రం
నేను ఎప్పుడూ అడిగి తీసుకోలేదు.

టీ తాగేటప్పుడు నస్రీన్ మేడం చెప్తాది:
పట్టుపురుగులో బిడ్డ ఆడో మొగో తేల్చేది తల్లి.
కోళ్ళలోనూ అంతే.
మనలో అయితే తండ్రి ఇచ్చే పోగు.
తేనెటీగల్లో మొగదానికి నాయనే ఉండడు.
మొసలికి, ఇసక వేడి.

ఇసక వేడా!
అట్లయితే మే నెల్లో చిత్రావతి ఇసకలో
గుడ్డు పెడితే ఏం పుడతాది?
"ఆమ్లెట్టు" అనింది హనుమక్క.

నవ్వు ఆగినాక, గ్లాసు అడుగు చూస్తా
మేడం ఇంకో మాట అనింది:
"కడుపులో మొదటి ఆరు వారాలు
ఏ బిడ్డయినా ఒకటే. ఆనకే దావ చీలేది.
అందరికీ ఒకే తావున చీలదు."

గ్లాసులు కడిగే నెపంతో నేను లేచినా.

పెనుకొండ ఆసుపత్రిలో నా కాన్పు రోజు
నర్సు బిడ్డను తిప్పి చూసింది, మళ్ళీ తిప్పి చూసింది.
రిజిస్టరు రాసే పిల్లోడు
పెన్ను ఎత్తి పట్టుకొని అట్లే నిలబడినాడు.
ఆ పెన్ను ఇంకా దిగలేదేమో అనిపిస్తాది నాకు.
అనంతపురం పెద్దాసుపత్రిలో ఒక సారు
"కోసి ఏదో ఒకటి చేద్దాంలేమ్మా" అన్నాడు,
మంచిగానే అన్నాడు.
దినమంతా బ్లేడు పట్టే చెయ్యి నాది.
నూలుపోగంత లోతు ఎక్కువ దిగినా
పసుప్పచ్చని నీరు కారి
గూట్లోది గూట్లోనే పోతాది.
బిడ్డ పెద్దయి అడిగితే చూద్దాం సార్, అని
సంచి సర్దుకొని బస్సెక్కినా.

కదిరి సామికి మొక్కుకున్న బిడ్డ.
కదిరప్ప అనాల్నా, కదిరమ్మ అనాల్నా?
పేరు సగంలో ఆపినా. కదిరి.
బస్సు బోర్డు మీద ఉండే పేరే.
"వచ్చినాడు" అంటే నోరు తడబడతాది,
"వచ్చింది" అన్నా అంతే.
అందుకని "వచ్చినారు" అంటా.
నాలుగేండ్ల బిడ్డను "సంగటి తిన్నారా?" అంటే
వీధి వీధంతా నవ్వింది.
కలెక్టర్ని కన్నావేమే, అనింది మా వదిన.

మొన్న ఒక గూట్లో
గీతా ఉంది, చుక్కా ఉంది.
రెండు ట్రేల నడుమ చెయ్యి ఆగింది,
గంటకు ఎనిమిదొందల చెయ్యి.
లెక్క ప్రకారం పారెయ్యాల.
టిఫిను మూతలో దూది పరిచి పెట్టినా.
పదో దినం రెక్కలొచ్చినాయి.
ఒక మీసం వెడల్పు, ఒకటి సన్నం.
ఒక పక్క రెక్క పటపట కొట్టుకుంటాంది,
రెండోది ఊరికే ఉంది, ఏదో వింటున్నట్టు.
మేడం ఫోన్లో ఫోటో తీసుకునింది.
"అత్తా, ఇది ఏ ట్రే?" అనింది హనుమక్క.

బయట సైకిలు బెల్లు.
క్యారియరు తెచ్చినారు మా కదిరి,
పదహారేండ్లు, ఎండకు మొగం కమిలి.
కిటికీలోంచి తల దూర్చి
మూతలో దాన్ని చానాసేపు చూసినారు.
"అమ్మా, ఇది ఏం తింటాది?"
ఏమీ తినదు నాయనా.
రెక్కలొచ్చినాక దీనికి నోరుండదు.
"మరి ఎవురన్నా అడిగితే ఏం చెప్తాది?"
అంటానే క్యారియరు విప్పినారు.
సంగటి ఇంకా వేడిగానే ఉంది.